గుడియాత్తంలో కాగని నీళ్ళు

మా వినుకొండలో వేలూరు వెళ్తున్నానని పైకి చెప్పకూడదు. నేను నోరు జారి కిరాణా కొట్టులో చెప్పాను. సాయంత్రానికల్లా వీధి వీధంతా మా అరుగు మీద ఉంది. "ఏమైందే సుగుణా, మొన్నటిదాకా బాగానే తిరిగావు కదే!" అని ఒకామె. "భయపడకు, మా తోడికోడలు కూడా అక్కడే చూపించుకుంది, ఇప్పుడు గుండ్రాయిలా ఉంది" అని ఇంకొకామె. మా వైపు వాళ్ళకు వేలూరంటే ఆస్పత్రి, ఆస్పత్రంటే వేలూరు. "జబ్బూ లేదు గిబ్బూ లేదు, సోడా కోసం వెళ్తున్నా" అని మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. పక్కింటి పిన్ని కళ్ళొత్తుకుని, "చెప్పుకోలేని జబ్బేమో, అడక్కండే" అని అందర్నీ లేవదీసుకుపోయింది.

నిజంగా సోడా కోసమే వెళ్ళాను. మా మామగారి కాలం నుంచి మాకొక చిన్న సోడా ఫ్యాక్టరీ ఉంది. గోలీ సోడా, నిమ్మ సోడా, కాస్త రంగు సోడా, అన్నీ గాజు సీసాల్లోనే. తాగిన సీసాలు తిరిగొస్తాయి, వేడినీళ్ళతో కడిగి మళ్ళీ నింపుతాం. ఆ వేడినీళ్ళే మా మెడకు చుట్టుకున్నాయి. వాటిని కాచేది కట్టెల బాయిలరు. దాని పొగ తిన్నగా వెనకున్న బళ్ళోకి పోతుంది. పిల్లలు దగ్గుతున్నారని హెడ్మిస్ట్రెస్సు గారు వచ్చి మర్యాదగానే చెప్పింది. ఆవిడ తిట్టినా బాగుండేది.

"దీనంతటికీ మందు ఒక్కటే, ప్లాస్టిక్ సీసాలకు మారిపోదాం. కడిగే పనీ లేదు, పొగా లేదు" అన్నాడు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. మన దొడ్లో పొగ కనబడకపోతే పొగ లేనట్టేనా? ఆ సీసాలు పోతపోసే చోట పొగ రాదా? అవి లారీలకెక్కి మన ఊరిదాకా రావాలంటే డీజిలు తగలబడదా? ఒక్క గుక్క తాగి పారేశాక మన మురిక్కాలవలోనే కదా తేలేది? లోకమంతా గాలి వేడెక్కిపోయిందని టీవీలో చూసి నిట్టూర్చేది ఈయనే, తన వాటా పొగ మాత్రం పొరుగూరికి తోసేస్తే చాలంటాడు. నాలుగు రోజులు వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు.

చివరికి గాజు సీసాలు తెచ్చిపెట్టే వ్యాపారి ఒక మాట చెప్పాడు. వేలూరు పక్కన గుడియాత్తంలో మునిరత్నం అనే ఆయన పుల్ల వెలిగించకుండా, ఇంటిమీద అద్దాల పెట్టెలు పెట్టి ఎండతోనే నీళ్ళు కాచి సీసాలు కడుగుతున్నాడట. "సరే, వెళ్ళి కళ్ళారా చూసి రా" అన్నాడు మా ఆయన. "అక్కడ జరిగే పనైతే ఇక్కడా చేద్దాం. కాకపోతే ఇంకెప్పుడూ గాజు మాట ఎత్తకూడదు." ఎత్తనన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

కాట్పాడి నుంచి వేలూరు: వద్దన్నా వినని ఆటో

కాట్పాడిలో రైలు దిగగానే ఆటో ఆయన నా మొహం చూసి తెలుగులోనే పలకరించాడు. "రాండమ్మా, ఆస్పత్రికే గదా?" కాదు, మార్కెట్టుకి అన్నాను. సరేనన్నాడు. తీసుకెళ్ళి ఆస్పత్రి వీధిలోనే దించాడు. నేను గొంతు పెంచితే ఆయనే నాకు నచ్చజెప్పాడు. "కోపం పడొద్దమ్మా. అందరూ ముందు భయపడి మార్కెట్టు, గుడి అనే అంటారు. మొదట టోకెన్ తీసుకో. మార్కెట్టు యాడికీ పోదు."

అంత మంచి మనిషితో ఏం పోట్లాడను? అడిగిన డబ్బులిచ్చి పంపేశాను. వీధంతా మన తెలుగువాళ్ళు, బెంగాలీ వాళ్ళు, చేతుల్లో ఎక్స్‌రే కవర్లు. నాకేమీ జబ్బు లేనందుకు అక్కడ నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత మార్కెట్టుకు నడిచే వెళ్ళాను.

వేలూరు మార్కెట్టులో ముళ్ళ వంకాయ చూడాలి. గుండ్రంగా, తొడిమ నిండా ముళ్ళతో ఉంటుంది, పట్టుకుంటే వేలికి గుచ్చుకుంటుంది. మా గుంటూరు వైపు వంకాయకు ఇంత పొగరుండదు. దాన్ని చింతపండు పులుసులో మగ్గబెట్టి బిర్యానీ పక్కన వడ్డిస్తారు. బిర్యానీలోకి వంకాయేమిటని మొహం చిట్లించి, తర్వాత మారు వడ్డించమని అడిగాను. మా ఊళ్ళో పెరుగుపచ్చడితోనే సరిపెట్టుకుంటున్నామే అని జాలేసింది. ధర కూడా మా వైపు కంటే తక్కువే.

పక్కనే కూల్‌డ్రింక్ కొట్టు. ఫ్రిజ్జు లేదు. పెద్ద తొట్టిలో నీళ్ళు, పైన తడి గోనె, దాని కింద పన్నీరు సోడాలు. గులాబీ వాసన గుప్పున కొట్టింది. నేను సీసా వెలుతురుకెత్తి పట్టుకుని అడుగు, మెడ, గోలీ ఆనే చోటు అన్నీ చూస్తుంటే కొట్టాయన కంగారుపడ్డాడు. "ఏమ్మా, పురుగుండాదా?" లేదయ్యా, సీసా ఎంత బాగా కడిగారో చూస్తున్నా అన్నాను. ఆయన నవ్వాడు. "గుడియాత్తం సరుకమ్మా. మునిరత్నమన్న సోడా. ఇప్పుడే కొంజెం తక్కువగా వస్తా ఉండాది. ఏమో ఇబ్బందంట."

ఇబ్బందా? సోడా గొంతులోకి పోయింది గానీ ఆ మాట గొంతులోనే ఉండిపోయింది.

గుడియాత్తం బస్సులో మల్లిక

బస్సులో నా పక్కన కూర్చున్నామె పేరు మల్లిక. కాంక్రీటు పనికి వెళ్ళొస్తోంది, చీర మీద తొడుక్కున్న మగవాళ్ళ చొక్కా నిండా సిమెంటు. ఫోన్లో అరవం మాట్లాడుతూ మాట్లాడుతూ నడిమధ్యలో "అట్లనే కానీలే నాయనా" అంది. నేను ఉలిక్కిపడి తెలుగువాళ్ళా అన్నాను.

"ఆమా! మేమూ తెలుగోళ్ళమే. మా తాతల తాతల కాలం నుంచీ ఈడే ఉండాము. ఇండ్లు కట్టేది మా పని. మాట్లాడతాము, తిట్టుకుంటాము, అంతా తెలుగులోనే. సదవను మాత్రం రాదమ్మా" అంది.

ఆమె ఒళ్ళో ఒక పాత సంచి ఉంది. ఎవరో చిత్తూరు నుంచి తెచ్చిందట. అన్నం డబ్బా, నీళ్ళ సీసా, తడిసిన తువ్వాలు అన్నీ అందులోనే. "దీని మీద ఏమి రాసుండాదమ్మా? ఎన్నాళ్ళుగానో మోస్తా ఉండా, అడిగేదానికి మనిషి దొరకలే" అంది. చదివి చెప్పాను. "తడి తగలనివ్వరాదు" అని ఉంది. మల్లిక తువ్వాలు వైపు, కారుతున్న నీళ్ళ సీసా వైపు చూసి పకపకా నవ్వింది, నేనూ నవ్వాను. నేను దిగే ముందు తన డబ్బాలోంచి రెండు కజ్జికాయలు తీసి నా చేతిలో పెట్టి, అరవం బోర్డు చదివి నేను దిగాల్సిన చోటు చూపించింది. నాకు అరవం అక్షరం రాదు, ఆమెకు తెలుగు అక్షరం రాదు, అయినా ఇద్దరం చేరాల్సిన చోటికి చేరాం.

మునిరత్నం గారి సోడా ఫ్యాక్టరీ

మునిరత్నం గారికి అరవై దాటి ఉంటాయి. మోకాలికి ఆపరేషన్ అయి చేతికర్రతో నడుస్తున్నారు. "రామ్మా, రా. భోంచేసినావా?" అని గుమ్మంలోనే అడిగారు. లేదంటే ఊరుకోరు, అయిందన్నా ఊరుకోరు. ఆయన భార్య గోవిందమ్మ వదిన (నాకంటే పెద్దది, వదినా అనడం అప్పుడే అలవాటైపోయింది) రాగి సంకటి, వేరుశెనగ పచ్చడి పెట్టింది. ఆమె చేతులు, పాదాలు, ఇంటి గడప, సీసాలు నింపే యంత్రం, సామాను బండి, అన్నీ పసుపు. ఊళ్ళో గంగమ్మ జాతర దగ్గర పడుతోంది కాబట్టి కాబోలనుకున్నాను.

తిన్నాక నేను ఆత్రం ఆపుకోలేక, "ఆ ఎండ నీళ్ళు చూపించండి అన్నా" అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. "ఏమి చూసేదమ్మా. నీకు ఫోన్లోనే చెప్పి ఉండాల్సింది. అంత దూరం నుంచి వస్తా ఉండావు, నోరు రాలే. నీళ్ళు కాగటం లేదు."

"కాగకపోవడమేంటి? బయట ఎండ మండిపోతుంటే!"

"అదే నాకూ తెలీలే. పెట్టినప్పుడు చెయ్యి పెట్టలేనంత వేడి. ఆరు నెలలు ఒక్క పుల్ల కాల్చలే. ఇప్పుడు ఒక నెల దినాలుగా గోరువెచ్చన దాటలేదు. దాంతో సీసా కడగతానా? సగం సీసాలు పక్కన పెట్టేసినా. మెకానిక్కు బెంగళూరులో కూర్చోని వస్తా వస్తా అంటాడే గాని రాడు. ఫోన్లోనే పైపులు చూడమన్నాడు, చూసినాము. తొట్టి చూడమన్నాడు, చూసినాము. అద్దాలు శుభ్రంగా ఉండాయా అన్నాడు."

"ఉన్నాయా?"

"నేను ఈ కాలుతో నిచ్చెన ఎక్కలేను. గోవిందమ్మ వారం వారం చేస్తాది. ఏమే?"

లోపలి నుంచి వదిన గర్వంగా చెప్పింది. "ప్రతి శుక్రవారం తెల్లారేసరికి నేనే చేస్తా ఉండాను. ఒక్క వారం కూడా తప్పలే."

దొడ్లో టార్పాలిన్ కప్పిన పాత కట్టెల బాయిలరు ఉంది. మునిరత్నం గారు కర్రతో ఆ టార్పాలిన్ అంచు ఎత్తి చూపించారు. "జాతరకు ఊరంతా సోడానే అడగతాది. సీసాలు లేవంటే ఎట్ల? శనివారం కట్టెల లారీ రమ్మని చెప్పేసినా. జాతర కాగానే ఈ అద్దాలూ గాజూ అన్నీ అమ్మేసి ప్లాస్టిక్ మిషను తెస్తా. చాలమ్మా, అలసిపోయినా."

మా ఆయనే ఆ నోట్లోంచి మాట్లాడినట్టుంది. ఇంత దూరం వచ్చింది ఈ మాట వినడానికా? శనివారం లారీ దొడ్లో కట్టెలు దింపిందంటే నా పనీ అయిపోయినట్టే. ఇక ఇంటికెళ్ళి ప్లాస్టిక్ సీసాల రంగు ఎంచడమే మిగిలింది. రైలెక్కి వెళ్ళిపోదామనిపించింది గానీ గోవిందమ్మ వదిన కదలనివ్వలేదు. "శనివారం దాకా ఉండు. మా మేనల్లుడు దాము బండిలో రేపు మోర్ధానా దాకా పోయి రా. డ్యాము చూడకుండా పోతే ఏమి చూసినట్టు?"

మోర్ధానా దారిలో: ఖాళీగా పోకూడదు

దాముది బ్యాటరీతో నడిచే మూడు చక్రాల సామాను బండి. చప్పుడు లేదు, వాసన లేదు. డ్రైవరు పక్కన కూర్చోవడానికి చోటు కూడా లేదు, సోడా క్రేట్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ప్రతి గుంతకీ సీసాల్లో గోలీలన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి.

దారి పొడుగునా కొబ్బరి తోటలు, వరి మళ్ళు, అరటి. కౌండిన్య నది పేరుకే నది, అక్కడక్కడా మడుగులు. ఊరూరా కొట్టు ముందు ఆగి, నిండు క్రేటు దించి, ఖాళీ సీసాల క్రేటు ఎక్కించుకోవడం. ఇదంతా మా ఊళ్ళోనూ ఉన్నదే. కానీ ఇక్కడొక తేడా చూశాను. ఏ కొట్టువాళ్ళూ క్రేటును వట్టిగా ఇవ్వలేదు. ఒకామె సీసాల మధ్య నాలుగు నిమ్మకాయలు వేసింది. ఇంకొకాయన కరివేపాకు రెబ్బలు గుచ్చాడు. ఒక ముసలమ్మ ఏమీ దొరక్క ఇంట్లోకి పోయి గుప్పెడు చింతపండు తెచ్చి పెట్టింది.

"ఏందమ్మా అట్ల చూస్తా ఉండావు? పక్కింటోళ్ళు కూర పంపితే గిన్నె ఖాళీగా తిరిగిస్తామా? ఇదీ అంతే" అన్నాడు దాము.

మా ఇళ్ళలోనూ ఉంది ఆ పద్ధతి. గిన్నె తిరిగిచ్చేటప్పుడు కాస్త బెల్లమో, నాలుగు మిరపకాయలో వేస్తాం. గిన్నెకున్న మర్యాద సోడా సీసాకు ఎందుకు ఇవ్వలేదో మరి! మా ఊళ్ళో సీసాలు సగం పాతసామాన్ల వాడికి పోతాయి. ఇక్కడ కొట్టువాళ్ళకు సీసా చుట్టాల ఇంటి గిన్నె, పోగొడితే పరువు పోతుంది. దాము మామయ్య మునిరత్నం గారు దీన్నే ఇంకా సాగదీశారు. గిన్నె ఖాళీగా పోకూడదంటే బండి మాత్రం ఎందుకు ఖాళీగా రావాలని, తిరుగు దారిలో రైతుల నిమ్మకాయలు, అరటి గెలలు, పూలు ఎక్కించుకుని గుడియాత్తం మార్కెట్టులో దించమన్నారట. అప్పుడా సరుకు కోసం ఇంకో డీజిలు బండి రోడ్డెక్కనక్కర్లేదు. మా వ్యాను మాత్రం వట్టి సీసాలు వాయించుకుంటూ ఇంటికొస్తుంది.

"మరి మద్రాసు దాకా పంపరా?" అన్నాను.

"అడిగినారు. మామ ఒప్పుకోలే. గాజు బరువమ్మా. దగ్గర్లో తిరిగితేనే దానికి లాభం. అంత దూరం మోసి, మళ్ళీ ఖాళీలు మోసుకొస్తే ఆ డీజిలు పొగ ముందు మనం మిగిల్చింది యాడ నిలస్తాది? సోడా ఆ ఊరోళ్ళు ఆ ఊర్లో చేసుకోనీ అంటాడు."

డ్యాము దగ్గర ఆగాం. నీళ్ళు తక్కువే గానీ గాలి చల్లగా ఉంది. మల్లిక ఇచ్చిన కజ్జికాయల్లో ఒకటి దాముకిచ్చి, ఒకటి నేను తిని, చెరో సోడా కొట్టాం. సోడాలో పొంగే గ్యాసు ఎక్కడిదో తెలుసా అన్నాడు దాము. చెరకు మడ్డి పులిసేచోట ఊరికే గాల్లోకి పోయేదాన్ని పట్టి, శుభ్రం చేసి, సిలిండర్లకెక్కిస్తారట, వీళ్ళు అదే కొంటారట. "మనం తాగి త్రేన్చితే మళ్ళీ గాల్లోకే" అని గట్టిగా త్రేన్చి మరీ చూపించాడు. ఆ తర్వాత నవ్వు ఆపేశాడు. "కట్టెలొస్తే అన్నీ పోతాయమ్మా. ప్లాస్టిక్ సీసా తిరిగి రాదు. తిరిగొచ్చేది లేకపోతే ఈ కొట్టోళ్ళతో నాకేం పని? పెద్ద డీజిలు వ్యాన్లో దింపేసి పోతా ఉండాల్సిందే."

నేను ఖాళీ సీసాలు క్రేటులో పెట్టడానికి లేచాను. వెనక్కి చూస్తే ఒక మేక బండి మీదికి ముంగాళ్ళు వేసి కరివేపాకంతా నమిలేస్తోంది. దాము అరుస్తూ పరిగెత్తాడు. ఆ సందట్లో నిమ్మకాయల బుట్ట బోర్లాపడి కాయలన్నీ గట్టు దిగి దొర్లాయి. ఏరి తెచ్చేసరికి ఇద్దరికీ నడుములు పట్టేశాయి.

మేడ మీద

శనివారం పొద్దున్నే నా చీర ఉతుక్కున్నాను. మధ్యాహ్నం లారీ, సాయంత్రం నా రైలు. కింద తీగ మీద చోటు లేక, వదిన వడియాలు పెట్టుకునే పై మేడ మీద ఆరేద్దామని ఇనుప నిచ్చెన ఎక్కాను. తడి చీర దులిపి వేస్తుంటే గాలికి దాని కొంగు ఎగిరి ఎండతో నీళ్ళు కాచే పెట్టెల మీద పడింది. తీసి చూస్తే తెల్ల చీర కొంగంతా పసుపు!

అప్పుడు చూశాను. అడుగున నల్ల రేకుతో ఆ అద్దాలు నల్లగా నిగనిగలాడాలి కదా? ఈ మూల నుంచి ఆ మూలకు పచ్చగా, మందంగా, మెత్తి ఉన్నాయి. గోరుతో గీరితే పెచ్చు లేచింది. దాని కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. జిడ్డు, దుమ్ము, పసుపు, మళ్ళీ జిడ్డు.

"వదినా!" అని నేను పెట్టిన కేకకు ఆమె చేతిలో చాటతోనే పైకొచ్చింది. "ఇదేంటి వదినా?"

"ఏముండాది? పసుపు" అంది ఆమె, నాకు కళ్ళు కనబడవా అన్నట్టు. "పైపైన నీళ్ళు చిలకరించి పూస్తాను. ఈ ఎండకి ఆరి రాలిపోతా ఉండాదని నెల నుంచీ రెండు చుక్కల నూనె కూడా కలపతా ఉండా. ఇప్పుడు కదలడం లే, సూడు."

"అద్దానికి పసుపు ఎందుకు పూశారు?"

"ఎందుకేందమ్మా? ఇంటికి గడప ఉన్నట్టే ఇది సూర్యభగవంతునికి గడప. ఆయన ఇందులో దిగే గదా నీళ్ళు కాచేది? శుక్రవారం పూట గడపను బోసిగా పెడతారా ఎవరైనా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది. ఎండ లోపలికి దిగే దారినే పసుపుతో మెత్తేసింది ఈ మహాతల్లి! శుభ్రంగా ఉన్నాయా అని మొగుడడిగితే ప్రతి శుక్రవారం చేస్తున్నానంది, అదీ నిజమే. కింది నుంచి మునిరత్నం గారు ఏమైందని అరిస్తే జరిగింది అరిచి చెప్పాను.  కింద కర్ర నేలకేసి కొట్టిన చప్పుడు.

"ఓసి నీ... నెల దినాలుగా నేను తల పగలగొట్టుకుంటా ఉంటే! తుడిచెయ్యే! ఇప్పుడే తుడిచెయ్!"

నేను కొంగు తడిపి అద్దం మీద పెట్టబోయాను. గోవిందమ్మ వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 

"తుడవొద్దు. ఆయనకు ఆపరేషన్ అయిన వారమే మొదలుపెట్టినా. ఆయన లేచి నడవాలని గంగమ్మకు మొక్కుకోని, ఇంటి గడప కంటే ముందు ఈడే పూస్తా వచ్చినా. నడస్తా ఉండాడు గదా? ఆయనుండంగా నా ఇంటి పసుపు తుడిచేస్తే ఏమర్థం? నా చేత్తో నేను తుడవను. ఇంకొకరిని తుడవనివ్వను. కట్టెలు రానీ, ప్లాస్టిక్ రానీ, ఏమన్నా రానీ."

కింద మునిరత్నం గారు అరుగు మీద కూర్చుండిపోయారు. పసుపు తుడిచెయ్ అని ముత్తైదువతో రెండోసారి అనగలిగే మొగుడు మన వైపు కూడా ఎవరున్నారు? ఎండ చూస్తే అప్పటికే చురుక్కుమంటోంది. ఇంకో నాలుగు గంటలు ఎండ దిగితే నీళ్ళు కాగుతాయి, నా కళ్ళముందే. అడ్డం ఒక్క పసుపు పొర. నా సోడా ఫ్యాక్టరీ, దాము బండి, ఈ ఊరి సీసాలు అన్నీ దాని వెనకే ఆగిపోయాయి. వాదిస్తే గెలవలేను. వాదించాలనీ అనిపించలేదు, ఆమె భయం నాకు తెలుసు.

ఏం తోచక ఆ పచ్చటి అద్దాల వరుస చూస్తూ కూర్చున్నాను. చూస్తుంటే నా పెళ్ళి గుర్తొచ్చింది. మా పెద్దమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి కాళ్ళూ చేతులూ మొహం వదలకుండా నలుగు పెట్టింది. ఆ తర్వాత?

"వదినా, మీ వైపు పెళ్ళికూతురికి నలుగు పెడతారా?"

"పెట్టకుండా ఎట్ల?"

"పెట్టాక ఏం చేస్తారు?"

"తలకు నీళ్ళు పోస్తాము, మంగళస్నానం చేయిస్తాము. ఏందమ్మా తెలీనట్టు అడగతావు?"

"పసుపు తుడిచేసినట్టు కాదా అది?"

"అయ్యో, అదెట్ల అవుతాది! నలుగు పెట్టేదే నీళ్ళు పోసేదానికి గదా..."

ఆమె సగంలో ఆగిపోయింది. అద్దాల వైపు చూసింది. చాట కింద పెట్టి రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

"అయ్యో శివనే! నలుగు పెట్టి నీళ్ళు పోయకుండా నెల దినాలు ఎండలో కూర్చోబెట్టినానే తల్లీ!"

ఇక ఆమెను పట్టలేకపోయాం. దాము బిందెలతో నీళ్ళు మోశాడు. గోవిందమ్మ వదిన సీకాయ నానబెట్టి, జిడ్డు వదిలేదాకా ప్రతి అద్దాన్నీ తన చేత్తోనే, పిల్లకు తల రుద్దినట్టు మెత్తగా రుద్దింది. నన్ను ముట్టుకోనివ్వలేదు, నీళ్ళు మాత్రం పోయనిచ్చింది. మేడ మీది నుంచి పచ్చటి నీళ్ళు తూము గుండా కిందికి దూకాయి. కింద మునిరత్నం గారు చేతికర్ర పక్కన పడేసి, ఆ నీళ్ళు తల మీద చల్లుకోవడం చూశాను. అద్దాలు నల్లగా మెరిశాక ఆమె హారతి ఇచ్చింది. పళ్ళెంలో మిగిలిన పసుపు తీసుకుని ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, ఇనుప చట్రం కాళ్ళకు పూసింది. "గడప ఇదే" అంది తనకు తనే చెప్పుకున్నట్టు.

కట్టెల లారీ

లారీ మధ్యాహ్నం వచ్చింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మునిరత్నం గారు వినిపించనట్టే తొట్టి దగ్గర నిలబడి కుళాయి తిప్పారు. మొదట చల్లటి నీళ్ళు, తర్వాత గోరువెచ్చనివి. ఆయన నన్ను చూశారు. నేను పైకి చూశాను. ఇంకాసేపు వదిలారు.  ఏ దేవుణ్ణి పిలవాలో తెలియక సూర్యుణ్ణే పిలిచాను.

"అబ్బా!" అని మునిరత్నం గారు చెయ్యి లాక్కున్నారు.

చెయ్యి ఎర్రగా అయింది. ఆయన ఆ చెయ్యి పైకెత్తి మాకందరికీ చూపిస్తూ చిన్నపిల్లాడిలా నవ్వారు. గోవిందమ్మ వదిన కొంగుతో ఆ చెయ్యి పట్టుకుని ఊదుతూ ఏడ్చేసింది. నేను గట్టు మీద కూలబడ్డాను. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి గుండె మీద పెట్టుకు తిరిగిన బరువు దిగిపోయింది. దాము అప్పుడే నురగ నీళ్ళల్లో సీసాలు ముంచేశాడు.

లారీ ఆయన మాత్రం గుర్రుమన్నాడు. "ఇంత కట్టె ఇప్పుడు యాడికి తీసకపోయేది?"

"బిర్యానీ కొట్టోళ్ళ దగ్గరికి పోప్పా. జాతర గదా, కండ్లకద్దుకోని తీసుకుంటారు" అన్నారు మునిరత్నం గారు. వదిన ఊరుకుంటుందా? బండి మన గుమ్మం నుంచి ఊరికే పోకూడదని పన్నీరు సోడాల క్రేటు ఎక్కించింది. "నిండా కట్టెలుండాయి గదమ్మా, ఖాళీగా యాడ పోతా ఉండా?" అని గొణుగుతూనే ఆయన రెండు సోడాలు అక్కడే కొట్టేశాడు. ఆ కట్టె ఇంకో పొయ్యిలో కాలింది, అంతే కదా అని మా ఆయన తర్వాత ఎత్తిపొడిచాడు. నిజమే. లోకంలో పొగంతా నేనొక్కదాన్నే ఆపలేను. ఒక దొడ్లో ఆగడం మాత్రం కళ్ళారా చూశాను.

స్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. "ఏమైంది, జరిగే పనేనా?" అన్నాడు.

"చెయ్యి కాలింది" అన్నాను.

"అయ్యో, నీకా?"

"మునిరత్నం గారికి. మన కట్టెలాయనకు వచ్చే నెల నుంచి రావద్దని చెప్పు."

అవతల గిన్నెల చప్పుడైంది. తర్వాత మా ఆయన, "ఇడ్లీకి పప్పు నానబోశాను, తొందరగా రా" అన్నాడు. ఆయన సరేననడం అలాగే ఉంటుంది.

మళ్ళీ వినుకొండ

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినందుకు వీధంతా పరామర్శకు వచ్చింది. నా మొహం తేటపడిందని అందరూ అన్నారు. పక్కింటి పిన్నికి మంచి డాక్టరు దొరికాడని చెప్పేశాను, ఎవరితో పడతాం?

ఈమధ్యే మా ఫ్యాక్టరీ పైన కూడా అద్దాలు పెట్టించాం. మబ్బు రోజుల్లో కరెంటు హీటరు కాస్త సాయం చేస్తోంది గానీ, పొగగొట్టం మీద పిచ్చుకలు గూడు కట్టుకున్నాయి. బడి కిటికీలు తెరుస్తున్నారు. ఊళ్ళ నుంచి వచ్చే క్రేట్లలో నేనే ముందుగా చెప్పి నిమ్మకాయలు వేయించుకుంటున్నాను, వ్యాను తిరుగు దారిలో కూరగాయలెక్కుతున్నాయి.

అద్దాలు బిగించిన తొలి శుక్రవారం మా ఆయన తలస్నానం చేసి మేడ మీదికొచ్చాడు. ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ ప్లాస్టిక్ అన్న మనిషి చేతిలో పళ్ళెం, పళ్ళెంలో గోవిందమ్మ వదిన ఇచ్చి పంపిన పసుపు. వంగి, భక్తిగా, నిండా అరచెయ్యి ముంచి అద్దం మీదికి చాపాడు.

"అద్దానికి కాదయ్యా!" అని నేను వేసిన కేకకు వెనక బళ్ళో పాఠం ఆగిపోయిందట. "కాళ్ళకు! దాని కాళ్ళకు పుయ్యి!"